దెయ్యం సినిమాలు – మా బ్యాచ్ అభిప్రాయాలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని హాస్టల్ పిల్లలు ఫోన్ చేసినప్పుడు మేము ముందు తప్పించుకుందామనే చూశాం. క్రమశిక్షణ మీద, సమయపాలన మీద, లక్ష్యసాధన మీద రాసేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. నిజం చెప్పాలంటే మేము చదువుకునే రోజుల్లో ఆ వ్యాసాలు దాటేసి జోకులూ పొడుపుకథలూ ఉన్న పేజీకి వెళ్లిపోయేవాళ్లం. అందుకని మాకు బాగా తెలిసిన విషయం మీదే రాద్దామని కూర్చున్నాం. అది దెయ్యం సినిమాలు.

మేమంటే 2001లో పదో తరగతి పాసైన బ్యాచ్. (కొందరం సప్లిమెంటరీలో పాసయ్యాం. దాచడమెందుకు?) ఆరో తరగతిలో ట్రంకుపెట్టె, ప్లేటు, గ్లాసు పట్టుకొని వచ్చి ఐదేళ్లు ఇక్కడే పెరిగాం. ఇప్పుడు మాలో టీచర్లున్నారు, ఆర్టీసీ కండక్టరున్నాడు, ల్యాబ్ టెక్నీషియన్ ఉన్నాడు, గల్ఫ్ వెళ్లొచ్చి ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్నవాడున్నాడు. ఏడాదికోసారి కలుస్తాం. మాటలు ఎక్కడ మొదలైనా చివరికి సినిమాల దగ్గరికే వస్తాయి. ఇక్కడ రాసినవి అలా తేలిన మాటలే. మాలో మాకు కుదరని చోట ఆ సంగతి కూడా రాశాం.

ఒక హెచ్చరిక. కొన్ని సినిమాల ముగింపులు చెప్పేస్తున్నాం. చూడనివాళ్లు ఆ పేరా వదిలేసి కిందికి వెళ్లండి. తర్వాత మమ్మల్ని తిట్టుకోవద్దు!

మన హాస్టల్, మన దెయ్యాలు

ఇప్పుడు ఊరు పెరిగి హాస్టల్ దాటి పోయింది. మా కాలంలో హాస్టల్ ఊరి చివర ఉండేది. అటు శ్మశానం, ఇటు చింతచెట్టు, మధ్యలో ప్రహరీ గోడ. మరుగుదొడ్లు వెనకాల దూరంగా ఉండేవి. రాత్రి కరెంటు పోతే ఒంటరిగా వెళ్లిన మొనగాడు మా బ్యాచ్‌లో లేడు. ఒకడికి అవసరమైతే ముగ్గురు లేవాలి. ఒకడు టార్చిలైటుకు, ఒకడు మాటకు, ఒకడు అసలు పనికి.

వాచ్‌మన్ తాత చింతచెట్టు మీద తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి కూర్చుంటుందని చెప్పేవాడు. ఎప్పుడు చెప్పినా కథ ఒకటే, వణుకు మాత్రం కొత్తగా పుట్టేది. ఆ చెట్టు దగ్గర గోడ ఎత్తు తక్కువ. సెకండ్ షోకు దూకేవాళ్లు అక్కడే దూకాలి. తాత ఆ దెయ్యాన్ని ఏరి కోరి అక్కడే ఎందుకు కూర్చోబెట్టాడో మాకు పదో తరగతికి వచ్చాక గానీ అర్థం కాలేదు.

తొంభైలలో "ఓ స్త్రీ రేపు రా" అని తెలుగు ఊళ్లలో తలుపుల మీదా గోడల మీదా రాసుకున్న సంగతి మా వయసు వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. కర్ణాటకలో అదే మాట "నాళె బా" అని రాసుకున్నారట. రాత్రి ఒక ఆడదెయ్యం వచ్చి తలుపు కొడుతుంది, తలుపు మీద అలా రాసి ఉంటే చదువుకొని వెనక్కి పోతుంది, మర్నాడు వచ్చి మళ్లీ చదువుకుంటుంది. మేము కూడా డార్మిటరీ తలుపు మీద సుద్దముక్కతో రాశాం. తెలుగు మాస్టారు చూసి, "ఒరేయ్, మీ చేతిరాత చదవగలిగిందంటే అది కచ్చితంగా దెయ్యమేరా" అన్నారు. తర్వాత చాలా ఏళ్లకు 2018లో హిందీలో "స్త్రీ" వచ్చింది. చందేరీ అనే ఊళ్లో మగవాళ్లు రాత్రయితే బయటికి రావడానికి జంకుతుంటారు. ఆడపిల్లలకు రోజూ ఉండే భయాన్ని మగవాళ్ల నెత్తిన పెట్టి నవ్వించారు. ఆ సినిమాకు మా మార్కులు నూటికి ఎనభై. మా తలుపును మాకు గుర్తు చేసినందుకు ఇంకో ఐదు.

సినిమా చూపించేవి అప్పట్లో మూడే. దూరదర్శన్, పండగకు అద్దెకు తెచ్చే వీసీఆర్, గోడ దూకితే టూరింగ్ టాకీస్. వీసీఆర్‌కు తలా రెండు రూపాయలు వేసుకునేవాళ్లం. ఏ క్యాసెట్ తేవాలన్న దాని మీద జరిగిన ఓటింగ్‌లో ప్రతిసారీ గెలిచింది దెయ్యమే.

భయం ఎక్కడ పుడుతుంది?

విఠలాచార్య గారి సినిమాలతో మొదలుపెట్టాలి. "జగన్మోహిని" (1978) లాంటి సినిమాలు మేము పుట్టకముందువి. అయినా ఊళ్లలో తెర కట్టి వేస్తే చూశాం. పొయ్యిలో కట్టెలకు బదులు కాళ్లు పెట్టి వంట చేసే దెయ్యం, చెయ్యి సాగదీసి దూరంగా ఉన్న వస్తువు అందుకునే దెయ్యం. ఇవి భయపెట్టే దెయ్యాలు కావు, పని చేసిపెట్టే దెయ్యాలు. మెస్‌లో కట్టెలు తడిసినప్పుడు మాకు అలాంటిది ఒకటి ఉంటే బాగుండుననిపించేది. కంప్యూటర్లు లేని రోజుల్లో కెమెరా తోనే ఆ గారడీ చేసిన మనిషికి దండం పెట్టాలి.

అసలు భయం మాకు పరిచయం చేసింది రామ్‌గోపాల్ వర్మ "రాత్రి" (1992). రేవతి నటించింది. హిందీలో "రాత్" పేరుతో వచ్చింది. ఒక మామూలు ఇల్లు, ఇంటి కింద ఒక గది, ఒక పిల్లి. అంతే సరుకు. తెల్లచీర లేదు, గజ్జెల చప్పుడు లేదు. పట్టపగలు, జనం తిరిగే చోట ఉన్నట్టుండి జనం మాయమైతే ఎలా ఉంటుందో అందులో చూశాం. చూసిన వారం రోజుల వరకు మెస్ దగ్గర తిరిగే పిల్లికి మేమెవరమూ ఎదురు వెళ్లలేదు. పాపం, ఆ పిల్లి ఆ వారం బాగా లావెక్కింది. వర్మ తర్వాత "దెయ్యం" (1996), హిందీలో "భూత్" (2003) తీశాడు. "భూత్"లో పాటలు లేవు. సిటీలో అపార్టుమెంటు, లిఫ్టు, భార్యాభర్తలు. దెయ్యానికి పాడుబడ్డ కోట అక్కర్లేదని చూపించాడు. మా బ్యాచ్‌లో సగం మంది "రాత్రి" గొప్పదంటారు, సగం మంది "భూత్" అంటారు. ఈ తగువు ఇరవై ఏళ్లుగా నడుస్తోంది.

తర్వాత ఉద్యోగాల్లో కుదురుకుని సీడీలూ డీవీడీలూ కొనుక్కోగలిగాక ఇంగ్లీషు సినిమాలు చూశాం. హిచ్‌కాక్ "సైకో" (1960) చూసినప్పుడు, ఇంత పాత నలుపు తెలుపు సినిమా మమ్మల్నేం చేస్తుందిలే అనుకున్నాం. స్నానాల గది సీను వచ్చాక అందరం నోళ్లు మూసుకున్నాం. హీరోయిన్ అనుకున్న మనిషి సినిమా సగానికి రాకముందే చచ్చిపోతుంది. ఇక ఎవరిని నమ్ముకొని చూడాలి? ఆ సీనులో రక్తం బదులు చాక్లెట్ సిరప్ వాడారట. నలుపు తెలుపులో తేడా ఏం తెలుస్తుంది! చంపింది కత్తి కాదు, వయొలిన్ల మోత అని మా ఎలక్ట్రికల్ షాపు మిత్రుడి తీర్పు.

"జాస్" (1975) కూడా ఇదే పాఠం చెబుతుంది. స్పీల్‌బర్గ్ తయారు చేయించిన యంత్రపు సొరచేప సముద్రపు నీళ్లలో సరిగా పని చేయలేదు. దాంతో చేపను చాలాసేపు చూపించకుండానే సినిమా తీయాల్సి వచ్చింది. నీళ్లు, సంగీతం, మనుషుల మొహాలు చూపించాడు. అదే సినిమాను నిలబెట్టింది. డబ్బు లేకపోయినా, సామాను చెడిపోయినా బుర్ర ఉంటే పని జరుగుతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి? సైన్స్ ఫేర్‌కు అట్టముక్కలతో నమూనాలు చేసే తమ్ముళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

గబగబా కొన్ని తీర్పులు

అమ్మోరు (1995): కోడి రామకృష్ణ తీశారు. సౌందర్య ఏడిస్తే మేమూ ఏడ్చాం. రమ్యకృష్ణ అమ్మవారుగా నిలబడితే టాకీస్‌లో ఆడవాళ్లకు పూనకాలొచ్చాయి. గ్రాఫిక్స్ ఇప్పుడు చూస్తే నవ్వు రావచ్చు. అప్పుడు రాలేదు. మన ఊళ్లలో వేపచెట్టు కింద ఉండే అమ్మవారే తెర మీద హీరో కావడం మాకు నచ్చింది.

చంద్రముఖి (2005): దీనికి మూలం 1993లో ఫాజిల్ తీసిన మలయాళం "మణిచిత్రతాళు". అందులో నటించిన శోభనకు జాతీయ అవార్డు వచ్చింది. దెయ్యం పట్టిందనుకున్న మనిషికి మనసు జబ్బు చేసిందని, దానికి వైద్యం ఉందని కథలోనే చెప్పారు. ఎంతో పెద్ద మాట. మా ఊళ్లలో ఈ మాట తెలియక వేపమండలతో దెబ్బలు తిన్న ఆడవాళ్లు ఎందరో. రజనీకాంత్ కోసం వెళ్లాం, జ్యోతిక కోసం రెండోసారి వెళ్లాం.

మంత్ర (2007): ఛార్మి, శివాజీ. తక్కువ డబ్బుతో తీసిన మంచి సినిమా. పాటలు తీసేస్తే ఇంకా బాగుండేది.

అరుంధతి (2009): పండగ సినిమా. హీరో లేకుండా ఒక ఆడమనిషి పేరు మీద అంత పెద్ద సినిమా ఆడించింది అనుష్క. సోనూసూద్‌కు గొంతు ఇచ్చిన రవిశంకర్‌కు ఆ సినిమాతోనే "బొమ్మాళి" ఇంటిపేరయింది. బనగానపల్లె దగ్గర నవాబుల బంగళాను ఇప్పుడు జనం అరుంధతి బంగళా అంటున్నారు. మాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. పశుపతి చచ్చి దెయ్యం కాలేదు, బతికుండగానే దెయ్యం. సంస్థానం అల్లుడినన్న పొగరుతో ఆడవాళ్లను చెరిచినవాడు. సమాధి కట్టాక భయపడ్డారు గానీ, వాడు మంచం మీద కూర్చున్న రోజుల్లోనే భయపడాల్సింది.

13బి (2009): మాధవన్. మధ్యాహ్నం ఇంట్లో ఆడవాళ్లు చూసే టీవీ సీరియల్‌లో తమ ఇంట్లో జరగబోయేదే వస్తుంటుంది. సీరియళ్లంటే భయం మాకు ముందు నుంచే ఉంది. ఇది చూశాక ఖాయమైంది.

కాంచన (2011): మొదటి సగం పిరికివాడి కామెడీ. రెండో సగంలో శరత్‌కుమార్ వచ్చాక మేము కుర్చీల్లో సర్దుకొని కూర్చున్నాం. హిజ్రాగా పుట్టిన తప్పుకు ఇంట్లోంచి గెంటేయబడ్డ మనిషి, కష్టపడి కొన్న భూమి కోసం హత్యకు గురైన మనిషి. రైల్లో చప్పట్లు కొడితే మొహం తిప్పుకున్న మేము ఆ రోజు ఆ పాత్రకు చప్పట్లు కొట్టాం.

ఆనందో బ్రహ్మ (2017): మనుషులకు దెయ్యాలు భయపడితే? ఈ ఒక్క ఆలోచనకే టికెట్ డబ్బులు చెల్లు. మిగిలిన నవ్వులు కొసరు.

తుంబాడ్ (2018, హిందీ): వాన, బురద, పాడుబడ్డ వాడా, బంగారు నాణేలు. దెయ్యం కంటే దురాశ ఎక్కువ భయపెడుతుంది. మా బ్యాచ్‌లో ఒక్కరు కూడా వ్యతిరేకించని సినిమా ఇదొక్కటే. 2024లో మళ్లీ థియేటర్లలోకి వస్తే మళ్లీ వెళ్లాం.

మసూద (2022): ఒంటరి తల్లి, కూతురు, పక్కింటి అబ్బాయి. తొందర పడకుండా భయపెట్టారు. సంగీత నటన చూడండి. ఒకటే పేచీ. బురఖా వేసుకున్న ఆకారం కనపడగానే ఉలిక్కిపడటం నేర్పడం మాకు బాగాలేదు. మా బ్యాచ్‌లో ఒక మిత్రుడు, "మా అమ్మ కూడా బురఖాలోనే బజారుకు వెళ్తుంది భాయ్" అన్నాడు. తర్వాత ఎవరం మాట్లాడలేదు.

శ్మశానం గురించి ఒక మాట

ఇన్ని సినిమాల్లోనూ మాకు ఒక విషయం నచ్చలేదు. శ్మశానం చూపిస్తే చాలు, అక్కడ ఒక నల్లటి మనిషి ఉంటాడు. జడలు కట్టిన జుట్టు, ఎర్రటి కళ్లు, మెడలో పుర్రెలు, నోట్లో అర్థం కాని భాష. వాడు కాటికాపరి అయి ఉంటాడు, లేదా కొండ మీది నుంచి వచ్చినవాడై ఉంటాడు. చెడ్డపని చేయించుకునే పెద్దమనిషి మాత్రం తెల్లబట్టలతో కారు దిగుతాడు.

మాలో ఇద్దరు ముగ్గురి నాన్నలు శ్మశానంలో గుంతలు తవ్వినవాళ్లు. ఊళ్లో ఎవరు పోయినా డప్పు కొట్టినవాళ్లు. అర్ధరాత్రి కాలే శవం దగ్గర కూర్చున్నవాళ్లు. మాలో ఒకడు చిన్నప్పుడు నాన్నకు అన్నం క్యారేజీ అక్కడికే తీసుకుపోయేవాడు. హాస్టల్‌లో అందరం గోడ అవతల చూసి వణుకుతుంటే వాడు మాత్రం, "అక్కడ ఏముంటదిరా, మా నాయిన పని చేసే జాగా" అనేవాడు. మేము వాడిని ధైర్యవంతుడనుకున్నాం. వాడికి అది ధైర్యం కాదు, తెలిసిన సంగతి. వాళ్ల నాన్న ఎన్నో ఏళ్లు అక్కడ పని చేశాడు, ఒక్క దెయ్యం కూడా కనపడలేదట. కూలి ఎగ్గొట్టిన మనుషులు మాత్రం చాలామంది కనపడ్డారట.

మేము చేసిన తప్పు

ఇప్పటివరకు నవ్వుతూ రాశాం. ఈ భాగం రాయాలా వద్దా అని చాలాసేపు మాట్లాడుకున్నాం. రాయడమే సరి అనుకున్నాం.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా సంక్రాంతికి ముందు వీసీఆర్ తెచ్చి ఒక సినిమా చూశాం. పేరు అనవసరం. అందులో జుట్టు విరబోసుకున్న ఒక ముసలామె చేతబడి చేసి పిల్లలను చంపుతుంటుంది. చివర్లో ఊరంతా కలిసి ఆమెను చంపుతారు. మేము ఈలలు వేశాం.

ఆ రాత్రి ఎనిమిదో తరగతి తమ్ముడు ఒకడు నిద్ర పోలేదు. మాలో ఒకడి పక్కన కూర్చొని ఒక మాట చెప్పాడు. వాళ్ల నాయనమ్మను ఊళ్లో అలాగే అనుకుంటున్నారట. ఆమె ఆకులు నూరి పిల్లలకు కడుపునొప్పి మందు ఇచ్చేదట. ఒక బిడ్డ చనిపోయాక జనం ఆమెను చెట్టుకు కట్టేశారట. అప్పటి నుంచి ఇంటికి ఎవరూ రారట, బావిలో నీళ్లు తోడుకోనివ్వరట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

ఆ ఒట్టు రెండు రోజులు కూడా నిలబడలేదు. మాలో మేము చెప్పుకున్నాం. మొదట పేరు పెట్టాం. తర్వాత వాడి ప్లేటు పక్కన ప్లేటు పెట్టడం మానేశాం. ఇదంతా మాకు అప్పుడు తమాషా. నెల తిరగకుండానే హాస్టల్‌లో ముగ్గురికి కళ్లు పచ్చబడ్డాయి, వాంతులు. ఎవరో "వాడి చూపే" అన్నారు. ఆ మాట ఎవరు మొదలుపెట్టారో ఇప్పటికీ మాలో ఒకరు ఒప్పుకోరు. వాడి ట్రంకుపెట్టె తీసి వరండాలో పెట్టింది మాత్రం మేమే. అందరం కలిసే పెట్టాం.

ముగ్గురికీ వచ్చింది కామెర్లు. డాక్టరు గారు వచ్చి నీళ్ల ట్యాంకు చూశారు. మూత పగిలి ఎన్నాళ్లయిందో, లోపల పావురాల రెట్టలు, పాచి. కలుషితమైన నీళ్ల వల్ల ఈ రకం కామెర్లు వస్తాయని, మరగబెట్టిన నీళ్లు తాగమని చెప్పి ట్యాంకు కడిగించారు. ముగ్గురూ కోలుకున్నారు. అప్పటికి తమ్ముడు ట్రంకుపెట్టె తీసుకొని ఊరికి వెళ్లిపోయాడు. తిరిగి రాలేదు. పదో తరగతి పరీక్ష రాయలేదు.

అనుమానం పెనుభూతం అని తెలుగు వాచకంలో చదువుకున్నాం. అర్థం రాయమంటే రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ భూతం మా డార్మిటరీలోనే, మా మంచాల మీదే ఉందని మాకు తెలియలేదు.

మూడేళ్ల కిందట మాలో ఒకరికి బస్టాండులో కలిశాడు. బాగా మాట్లాడాడు. టీ తాగాడు. పేరు పేరునా అందరినీ అడిగాడు. తాపీ పని చేస్తున్నాడు, కూతురు ఇంటర్ చదువుతోంది. వార్షికోత్సవానికి రమ్మంటే, "చూస్తా అన్నా" అన్నాడు. రాలేదు. ఇది రాస్తున్నామని ఫోన్ చేసి అడిగితే, "రాసుకోండన్నా, పేరు మాత్రం వద్దు" అన్నాడు. అందుకే పేరు లేదు.

ఇప్పుడు మేము సినిమా చూసే పద్ధతి

ఆ తర్వాత దెయ్యం సినిమాలు మానేశామా? లేదు. ఇంకా ఎక్కువ చూశాం. కాకపోతే ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుంటాం. ఈ సినిమా మనల్ని ఎవరిని చూసి భయపడమంటోంది?

అమెరికాలో 1968లో జార్జ్ రొమేరో తీసిన "నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్" ఈ ప్రశ్నతో చూడండి. చాలా తక్కువ డబ్బుతో తీసిన నలుపు తెలుపు సినిమా. చచ్చినవాళ్లు లేచి వస్తుంటే కొందరు ఒక ఇంట్లో దాక్కుంటారు. అందరిలో బుర్ర ఉన్నవాడు, ధైర్యం ఉన్నవాడు ఒక నల్లజాతి యువకుడు. డ్యుయేన్ జోన్స్ ఆ పాత్ర వేశాడు. రాత్రంతా పోరాడి అతనొక్కడే బతుకుతాడు. తెల్లారి కాపాడటానికి తుపాకులతో వచ్చిన జనం అతన్ని చూసి దెయ్యమే అనుకొని కాల్చేస్తారు. సినిమా అయిపోతుంది. మా టీచర్ మిత్రుడు అది చూసి లేచి బయటికి వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడో మేమెవరం అడగలేదు. మాకందరికీ వరండాలో పెట్టిన ట్రంకుపెట్టె గుర్తొచ్చింది.

జోర్డాన్ పీల్ "గెట్ ఔట్" (2017) ఇంకో మెట్టు. నల్లజాతి కుర్రాడు తెల్లజాతి ప్రియురాలి ఇంటికి వెళ్తాడు. అందరూ నవ్వుతూ మాట్లాడతారు, మెచ్చుకుంటారు, భుజం తడతారు. ఆ మర్యాద వెనకే ఉంది అసలు భయం. "మాకు అలాంటి పట్టింపులేం లేవు బాబూ" అంటూనే వేరే గ్లాసులో నీళ్లిచ్చిన ఇళ్లు చూసినవాళ్లం మేము. ఆ నవ్వులు మాకు కొత్త కాదు. ఆ సినిమా కథకు పీల్‌కు 2018లో ఆస్కార్ ఇచ్చారు. ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకు ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి రచయిత అతనే.

ఇక మన "విరూపాక్ష" (2023). పనితనంలో ఈ మధ్య వచ్చిన వాటిలో మంచి సినిమా. మా పిల్లలు చెవులు మూసుకొని చూశారు. రుద్రవనం అనే ఊళ్లో ఒక జంటను చేతబడి చేస్తున్నారని జనం తగలబెడతారు. ఆ మంట చూపించిన తీరుకు మేము కదిలిపోయాం. ఇన్నాళ్లకు ఒకరు చెప్పారనుకున్నాం. కానీ కథ చివరికి వచ్చేసరికి మంత్రం నిజమే, ప్రయోగం నిజమే, ఆ బిడ్డ పెరిగి వచ్చి ఊరిని చంపుతున్నదీ నిజమే. అంటే ఊరి అనుమానం మొత్తం తప్పు కాదన్నట్టే కదా? ఇక్కడ మా బ్యాచ్ రెండుగా చీలింది. "సినిమాను సినిమాలా చూడాలి, దెయ్యం లేకపోతే దెయ్యం సినిమా ఎలా అవుతుంది?" అని సగం మంది. "హైదరాబాద్ మల్టీప్లెక్సులో చూసేవాడికి అది సినిమానే, ఊళ్లో నాయనమ్మ ఉన్నవాడికి కాదు" అని మిగతా సగం. ఈ రాస్తున్నది రెండో సగం వాళ్లం. ఎందుకంటే చేతబడి, బాణామతి అనే అనుమానంతో మనుషులను కట్టేసి కొట్టడం, పళ్లు రాలగొట్టడం, చంపడం మన తెలుగు జిల్లాల్లో నిజంగా జరిగాయి. పేపర్లలో వచ్చాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది వాడల్లో ఉండే పేదవాళ్లు, ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు. ఒక్క కారున్న పెద్దమనిషిని కూడా ఎవరూ మంత్రగాడని చెట్టుకు కట్టలేదు.

జన విజ్ఞాన వేదిక వాళ్లు ఊరూరా తిరిగి ఈ గారడీలు విప్పి చూపించేవాళ్లు. పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రగా అవుతాయి. అదే బాణామతి రక్తం. తెల్ల భాస్వరం గాలి తగిలితే అంటుకుంటుంది, అందుకే నీళ్లలో ఉంచుతారు. అదే ఇంటి మీద వాటంతటవే లేచే మంటలు. ఈ రెండూ మీ సైన్స్ పాఠాల్లోవే. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నలు. ఊళ్లో మాత్రం ఒక మనిషి ప్రాణమంత ఖరీదు చేస్తాయి.

చివరగా

తమ్ముళ్లారా, దెయ్యం సినిమాలు చూడండి. భయపడండి, కేకలు వేయండి, పక్కవాడి చెయ్యి గట్టిగా పట్టుకోండి. అందులో ఉన్న సరదా మాకు తెలుసు. ఇప్పుడు మీ చేతుల్లో ఫోన్లున్నాయి, మా లాగా రెండు రూపాయలు పోగు చేయక్కర్లేదు. కానీ సినిమా అయిపోయాక ఎవడికైనా పేరు పెట్టాలనిపిస్తే ఆగండి. మీ డార్మిటరీలో ఎవడైనా రాత్రి నిద్ర పట్టక మీ పక్కన కూర్చొని ఏదైనా చెబితే, అది మీ దగ్గరే ఉంచుకోండి.

ఎవరికైనా జ్వరం వస్తే ముందు నీళ్ల ట్యాంకు మూత చూడండి. పగిలి ఉంటే వార్డెన్ గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ ఏడాది వార్షికోత్సవానికి మా బ్యాచ్ తరఫున ట్యాంకుకు కొత్త మూత, మరుగుదొడ్ల దారిలో రెండు లైట్లు పెట్టిస్తున్నాం. లైట్లు మా ఎలక్ట్రికల్ షాపు మిత్రుడే బిగిస్తాడు. మూత బిగించే తాపీ పనికి మనిషిని మాట్లాడాం. వస్తానన్నాడు. ఈసారి వస్తాడనే అనుకుంటున్నాం.

– 2001 పదో తరగతి బ్యాచ్, పూర్వ విద్యార్థులు